కోడి దుకాణానికి ఎదురుగా బాయి మెస్సు

తన వయస్సెంతో తానే చాటుకొనే వంటకాన్ని నేను నమ్మను. "అమ్మమ్మ నాటి రుచి" అని ఎక్కడైనా పలకమీద కనబడితే, ఆ అమ్మమ్మ ఎవరు, ఏ ఊరు, ఈ సంగతి ఆమెకు తెలుసునా అని అడగాలనిపిస్తుంది. బడిలో తెలుగు పండితుడిగా పనిచేసి, పిల్లలచేత పద్యాలు వల్లె వేయించి, ఉద్యోగ విరమణ తరువాత కొత్తగూడెంలోనే నిలిచిపోయినవాణ్ణి. పాతదనమంటే నాకు ప్రీతి అని నన్నెరిగినవారందరూ అనుకొంటారు. నిజమే. ప్రీతి ఉన్నది గనుకనే, దానిని అంగట్లో పెట్టినవాడి మాటలకంటె చేతులను ఎక్కువగా గమనిస్తాను.

మా పట్టణం దాటి భద్రాచలం వైపు సాగే దారిలో, టేకుచెట్లు రెండు ప్రక్కలా దగ్గరపడే చోట, ఇటీవల ఒక వినోదవనం వెలిసింది. నీటి జారుడుబల్లలు, గిరగిర తిరిగే కుర్చీలు, తొండంమీద పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీయించుకోవడానికి ఒక సిమెంటు ఏనుగు అందులోని ఆకర్షణలు. ప్రహరీ కవతల అసలు అడవి నిలబడి ఉండగా, ఇవతల సిమెంటు మానులు పోతపోసి వాటి ఆకులకు పచ్చరంగు పూశారు. ఆ రంగు చూసిన మొదటి రోజే నాకు ఆ చోటిమీద ఒక అనుమానం పుట్టింది. అది నేటికీ నివృత్తి కాలేదు.

ఆ వనం నడుమ చదును చేసిన ఆవరణలో రెండు భోజనశాలలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి, ఒకే పేరుతో, ఒకే ఎర్రని బోర్డుతో ఊరూరా వెలుస్తున్న వేపుడు కోడి దుకాణాల్లో ఒకటి. అక్కడ అట్టడబ్బాలో పెట్టి ఇచ్చే ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. నాకు తెలిసిన ఏ కోడీ అంత క్రమశిక్షణతో పెరగలేదు. రెండవది మా ప్రాంతపు బొగ్గుగనుల కాలాన్ని తలపుకు తేవాలని కట్టినది. మావైపు గనిని బాయి అంటారు. అందుచేత దానికి "బాయి మెస్సు" అని పేరు పెట్టారు. నా మటుకు నాకు ఆ రెండింటిలో దేనితోనూ పని లేదు. మా అక్క మూలంగా వాటి నడుమ నిలబడవలసి వచ్చింది.

మా అక్క భర్త బాయిలో పనిచేసేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి ఆమె కార్మికుల క్వార్టర్ల వరుస చివర ఒక మెస్సు నడిపింది. మొదటి షిఫ్టువాళ్లు చీకటితోనే వచ్చి కడుపు నింపుకొని, క్యారేజీ పట్టుకొని బాయి దిగేవారు. వాళ్లు పైకి వచ్చేవేళకు మళ్లీ అన్నం వేడిగా ఉండేది. ఊరంతా ఆమెను మెస్సక్క అనేవారు. అసలు పేరుతో పిలిచే నోరు ఒక్కటీ మిగలలేదు. చివరకు నేనుకూడ అక్కా అనేవాణ్ణే కదా. తరువాతి కాలంలో ఆ చుట్టుపట్ల నేల లోపలికి దిగి బొగ్గు తీసే పని ముగిసింది. పాతవాళ్లు విరమించారు, వయసువాళ్లు వేరే గనులకు తరలిపోయారు, క్వార్టర్ల తలుపులకు తాళాలు పడ్డాయి. అక్క మెస్సు మూసివేసి, గిన్నెలతో సహా నా ఇంటికి వచ్చింది. అప్పటికి నేనూ ఒంటరినే.

గిన్నెలైతే వచ్చాయి గాని, వాటిలో ఇద్దరికి సరిపడే గిన్నె ఒక్కటీ లేదు. చింతచిగురు పప్పు వండినా, ఎండురొయ్యలు వేసి గోంగూర వండినా, వీధి వీధంతా తినవలసినంత అయ్యేది. ఇరుగుపొరుగువారు మొదట సంతోషించారు, తరువాత మొగమాటపడ్డారు, ఆ తరువాత తలుపు తీయడం ఆలస్యం చేయసాగారు. ఆకలి లేనివాడికి గిన్నె అందించడం వేరు. ఒళ్లు అలిసి వచ్చిన మనిషి ముందు కంచం పెట్టడం వేరు. మా అక్కకు తెలిసిన బతుకు ఆ రెండవది. పొద్దు వాలేవేళ గడపలో కూర్చొని, ఏదో షిఫ్టు దిగవలసివున్నట్లు వీధి చివరకు చూస్తుండేది. ఆమెకు కావలసినది ఒక్కటే: మళ్లీ ఒక పొయ్యి, దాని చుట్టూ పనిచేసి వచ్చిన మనుషులు. ఆ కోరిక బయటికి ఎన్నడూ అనలేదు గాని, దానిని దాచుకోవడమూ ఆమెకు చేతకాదు.

వినోదవనం మేనేజరు మా ఇంటికి వచ్చినది అటువంటి దినాలలోనే. హైదరాబాదునుంచి వచ్చిన యువకుడు. వినయం మనిషంతా నిండివున్నది. పాత కార్మికుడొకాయన మెస్సక్క సంగతి చెప్పాడట; ఆమె బాయి మెస్సుకు రావాలట. కూర్చున్నది మొదలు ప్రశ్నలు అడిగాడు. బల్లలు ఎంత ఎత్తుండేవి, గోడకు ఏ రంగుండేది, దీపాలు ఎక్కడ తగిలించేవారు, గరిటె ఇత్తడిదా ఇనుపదా. అక్క పాత గరిటెను కిటికీ వెలుతురులో పెట్టి రకరకాలుగా ఫొటోలు తీశాడు. పప్పులో పులుపు దేనితో వేసేవారని మాత్రం అడగలేదు. నేను ఆ ప్రశ్న కోసమే చివరిదాకా ఎదురుచూశాను.

"నాకు పొయ్యి ఇస్తరా?" అని అక్క అడిగింది.

"అంతా మీదే అమ్మా. అది మీ మెస్సే అనుకోండి" అన్నాడతడు.

అన్నింటినీ ఒప్పుకొన్నట్లుండే ఇటువంటి సమాధానాలు నాకు చిరపరిచితాలు. ప్రశ్న పొయ్యి గురించి. జవాబులో పొయ్యి లేదు. అతడు వెళ్లిన తరువాత ఈ మాటే అన్నాను. అక్క నవ్వింది.

"నువ్వు బళ్లె పిల్లగాండ్లు మంచి మార్కులు తెచ్చుకున్నా కాపీ గొట్టిన్రనేటోనివి. రిటైరైనవు గని ఆ బుద్ధి రిటైరు గాలేదు తమ్మీ."

మేనేజరు నన్ను కూడ విడిచిపెట్టలేదు. గోడలమీద పెట్టే పలకలకు "కాస్త గ్రాంథికంగా, పాతకాలం వాసన వచ్చేట్టు" నాలుగు వాక్యాలు రాసిపెట్టమన్నాడు. బాయి కార్మికులు గ్రాంథికంలో అన్నమడిగినట్లు నేనెన్నడూ వినలేదని చెప్పాను. అది వచ్చేవాళ్లకు తెలియదు కదా సార్ అని అతడు ఎంతో స్నేహంగా అన్నాడు. అంతటి నిజాయితీ అతడినోట నాకు మొదటిసారి వినబడింది. దానితో అనుమానం ఇంకాస్త బలపడింది.

ప్రారంభోత్సవానికి ముందు ఒకనాడు అక్కను తీసుకొని ఆ మెస్సు చూడబోయాను. లోపలికి పోవాలంటే తల వంచుకొని నల్లని సొరంగంగుండా నడవాలి. గోడలనిండా బొగ్గు, వేలితో నొక్కి చూస్తే అది రంగువేసిన థర్మోకోల్. కొయ్య మేకులకు టోపీలు, వాటికి దీపాలు. కొద్దిసేపటి కొకమారు ఎక్కడినుంచో సైరను కూసి, దాని వెనుక మనుషులు మాట్లాడుకొంటున్నట్లు సన్నని గొణుగుడు వినిపించేది. వడ్డించే కుర్రవాళ్ల చెంపలమీద నల్లరంగుతో గీతలు గీశారు. నడుమ ఒక మట్టిపొయ్యి. అందులో ఎర్రెర్రని నిప్పులు మినుకుమంటున్నాయి. అక్క అలవాటుగా ఊదుగొట్టం కోసం చూసి, తరువాత అరచేయి చాచి వేడి చూసింది. వేడి లేదు. అవి గాజుముక్కల క్రింద వెలుగుతున్న బల్బులు.

"ఇది చూసేటందుకు పెట్టినట్టున్నరు. అసలు పొయ్యి వెనకాల కడ్తరు గావొచ్చు" అని ఆమె తనకు తానే చెప్పుకొన్నది.

ఆమెను ఆ పొయ్యి ముందరి పీటమీద కూర్చోబెట్టి మేనేజరు ఫొటోలకు కొలతలు తీసుకొంటుండగా, నేను వెనుకవైపుకు నడిచాను. అక్కడ సరుకును చల్లగా ఉంచే లారీ ఒకటి ఆగివున్నది. దానిలోనుంచి దింపుతున్న నీలిపెట్టెలలో కొన్ని కోడి దుకాణపు వెనుక తలుపులోనికి, కొన్ని బాయి మెస్సు వెనుక తలుపులోనికి పోతున్నాయి. కోడి దుకాణంలో పనిచేసే ఆమె, ఎర్రటోపీ పెట్టుకొని, పెట్టెలను గుర్తులనుబట్టి వేరుచేస్తున్నది. ములకలపల్లి దాటిన తరువాత అడవి అంచున ఉన్న గూడెంనుంచి రోజూ వస్తుందట. తన ఇంటివాళ్లతో ఫోనులో మాట్లాడే భాష నాకు రాదు, నాతో మాట్లాడిన తెలుగు మాత్రం గోరువెచ్చని మర్యాదతో ఉన్నది. పెట్టెలలో ఏమున్నదని అడిగాను.

"మా దాంట్ల చికెన్ సార్, కరెంటు మిషన్ల నూనెల వేసుడే. వాళ్ల దాంట్ల పప్పు, కూర, చారు. సంచి వేడినీళ్లల్ల పెట్టి కోస్తరు. రెండిటి కాంట్రాక్టు ఒకల్లదే. మీరు తెల్వకొచ్చిన్రా?"

తెలియకనే వచ్చానని ఒప్పుకోవలసి వచ్చింది. నిన్నటిదాకా నా శంకంతా ఆ ఎర్రబోర్డు దుకాణంమీదనే ఉండేది. అది ఊళ్ల నాలుకలను ఒకే అచ్చులో పోస్తున్నదని ఎందరితోనో వాదించాను. ఇప్పుడు ఆ రెండు తలుపులను చూస్తే, కోడి దుకాణం తనది పాతవంటకమని ఎవరికీ చెప్పడం లేదనే సంగతి తోచింది. ఎదుటిది మాత్రం మా అక్క గరిటె పట్టుకొని నిలబడ్డది.

బస్సులో ఇదంతా అక్కకు చెప్పాను. ఆమె కిటికీలోనుంచి చూస్తూ విన్నది. లారీలొస్తే రానీ, కొత్తగ పెట్టిన హోటలు, మొదటి దినాలు గట్లనే ఉంటది, నేను పోయినంక వండుత అన్నది. నేను ఏది చూడదలచుకొంటే అదే నా కంటికి కనబడుతుందని కూడ అన్నది. ఆ మాట నాకెంత వర్తించేదో ఆమెకూ అంతే వర్తించేదని నేననలేదు.

ప్రారంభం నాడు, విరమించిన గనికార్మికులను అతిథులుగా బస్సులో పిలిపించారు. తెల్లని చొక్కాలు తొడుక్కొని, కర్రలు ఊతంగా పట్టుకొని, మా కాలపు మనుషులు దిగారు. కొందరు ఆ థర్మోకోల్ బొగ్గును తట్టి చూసి లోలోపల నవ్వుకొన్నారు. కొందరు సైరను వినగానే అప్రయత్నంగా మణికట్టువైపు చూసుకొన్నారు. అక్కను వాళ్లకు తెలియనివ్వకుండా బయట ఒక మూల వీడియో తీస్తున్నారు. చివరలో ప్రవేశపెట్టి ఆశ్చర్యపరచాలని మేనేజరు ఆలోచన. సొరంగం దాటి భోజనాల గదిలోనికి వచ్చిన ఆ పెద్దమనుషులు గడపలోనే ఆగిపోయారు.

బల్లలమీద స్టీలు కంచాలు, దుమ్ము పడకుండా, చక్కగా బోర్లించి ఉన్నాయి.

ఎక్కడి హోటలువాళ్లయినా చేసే పనే అది. కాని మా క్వార్టర్ల మెస్సులలో అది జరగని పని. ఎవరి కంచం వారిదిగా ఉండేది. బాయి దిగిన మనిషి కంచాన్ని కడిగి, అతడి చోటిలో వెల్లకిలా పెట్టేవారు. ఆరబెట్టవలసివస్తే గోడకు వాల్చి నిలబెట్టేవారే గాని, అతడు పైకి వచ్చేదాకా బోర్లించేవారు కాదు. పైకి రాని మనిషి కంచం ఒక్కటే బోర్లించేవారు. ఆనాటికి ఆ వరుసలో ఇంకెవరూ అన్నం తినేవారు కాదు. దీనిని ఎవరూ ఎవరికీ నేర్పలేదు; మెస్సులో చేరిన కొత్తవాడు రెండుపూటలు తినేలోగా తెలుసుకొనేవాడు.

ఇప్పుడు ఆ గదిలో, బల్ల బల్లకూ, వరుస వరుసకూ బోర్లించిన కంచాలు. మేనేజరు "కూర్చోండి బాబాయ్, కూర్చోండి" అని ఒక్కొక్కరి భుజం పట్టుకొని బ్రతిమాలాడు. వాళ్లలో పెద్దవాడు, ఒకప్పుడు బాయిలో సర్దారుగా ముఠాను నడిపినవాడు, కర్ర రెండవ చేతికి మార్చుకొన్నాడు.

"మేం గా ఎదురుంగ కోడి తింటం సార్. అరుగుతది, ఏం గాదు" అని నెమ్మదిగా చెప్పి వెనుదిరిగాడు. తక్కినవారంతా అతడి వెంట నడిచారు. అతిథులందరూ తన కొత్త మెస్సును విడిచి ఎదుటి దుకాణానికి పోతుంటే, ఆ యువకుడి మొహం చూడవలసినదే. పళ్లులేనివాళ్లు వేపుడు కోడికోసం ఇంత ఆతురపడతారని అతడు ఊహించలేదు.

అప్పుడు అక్క లోపలికి వచ్చింది. ఒంటిమీద వాళ్లు ఎంపిక చేసిన గళ్లచీర, నుదుట పెద్దబొట్టు. బల్లలవైపు చూసింది, నావైపు చూసింది. ఆమె మొదటి బల్ల దగ్గరికి వెళ్లి, కంచం తిప్పి, కొంగుతో తుడిచి వెల్లకిలా పెట్టింది. తరువాత దాని ప్రక్కది. అట్లా గది చివరిదాకా. అమ్మా, దుమ్ము పడుతుంది, శుభ్రత చూడవలసినవాళ్లు వస్తారు అని మేనేజరు వెనుకనే నడుస్తున్నాడు.

"దుమ్ము పడితే తుడుస్త బాబూ. గట్ల ఉంటే వాళ్లు కూసోరు."

ఎందుకని అతడు అడిగాడు. రెండు ముక్కలలో చెప్పింది. అక్క ఆవరణ దాటి కోడి దుకాణం వాకిట నిలబడింది.

"ఏందిరా సర్దారూ, నా ఇంటికొచ్చి కోళ్లకాడికి పోతివి? జల్దీ రాండ్రి, కంచాలు పెట్టిన."

ఆమెను చూసిన ఆ ముసలివాళ్ల మొహాలు వర్ణించడం నాకు చేతకాదు. ముందే కొన్నారు గనుక అట్టడబ్బాలు చేత పట్టుకొనే వచ్చి, ఈసారి ఎవరూ చెప్పకుండానే బల్లల ముందు కూర్చొన్నారు. మెస్సక్క ముందర కోడి తెచ్చుకొన్నందుకు ఒకరినొకరు ఎత్తిపొడుచుకొన్నారు. వడ్డన మొదలైంది. సర్దారు మొదటి ముద్ద నోట పెట్టుకొని, నమలడం ఆపి, తలెత్తి చూశాడు. చుట్టూ ఫోన్లు లేచివున్నాయి.

"అక్కా, ఇది నువ్వు వండినవా?"

ఆ ప్రశ్నకు అవునంటే ఆ పీట ఆమెది. మేనేజరు వెనుక నిలబడి తల ఊపుతున్నాడు. అబద్ధమాడుతుందేమోనని నేను భయపడలేదు. నిజం చెప్పి, దానితోబాటు తన కోరికను కూడ చేజేతులా వదులుకొంటుందేమోనని భయపడ్డాను.

"లేదు. నేను పీటమీద కూసునేటందుకొచ్చిన. ఇది లారీల వచ్చింది."

"అవ్, అనుకున్న. ఉప్పు గూడ ఎవలనో అడిగి ఏసినట్టుంది" అన్నాడు సర్దారు. గదంతా నవ్వులు. అయినా ఆమె వడ్డించింది గనుక కంచం ఖాళీ చేశారు. కోడిముక్కలు నంజుకొని ఆ పప్పన్నం తిన్నారు. అక్క ఏమీ తినలేదు.

మేనేజరు కోపగించుకొంటాడని నేననుకొన్నాను. అతడు కోపగించుకోలేదు. అతిథులు వెళ్లిన తరువాత మావద్దకు వచ్చినప్పుడు అతడి కన్నులు మెరుస్తున్నాయి. కంచాలు తిప్పుతున్న దృశ్యమంతా తన ఫోనులో ఎక్కింది. ఇకమీదట వచ్చే ప్రతి కుటుంబమూ సొరంగం దాటి వచ్చి తమ కంచాలు తామే వెల్లకిలా తిప్పుకొంటుందట. ప్రక్కన ఆ ఆచారాన్ని వివరించే పలక ఉంటుందట. ఆ పలక గురువుగారే రాయాలట. పైకి రానివాళ్ల సంగతి కూడ రాయమంటారా అని అడిగాను. వద్దు సార్, పిల్లలు వస్తారు, అది తీసేద్దాం అన్నాడు. అతడు దుర్మార్గుడు కాడు. ఆ మాట అన్నప్పుడు కూడ ఎంతో మృదువుగానే అన్నాడు.

"మంది కంచాలు బోర్లించిన చెయ్యి బాబూ ఇది. గది ఆట గాదు" అన్నది అక్క. "గవన్నీ కాదు. నా పొయ్యి ఏది? గది చెప్పు."

జనం తిరిగే చోట మంట పెట్టడానికి అనుమతి లేదని, వంట ఎప్పటికీ బయటినుంచే వస్తుందని అప్పుడు గాని అతడు చెప్పలేదు. అక్క అక్కడే ఆ గళ్లచీర మార్చుకొని, మడిచి పీటమీద పెట్టి, నా వెంట బస్సెక్కింది.

ఆ తరువాతి దినాలలో ఆమె ఇద్దరికి సరిపడా వండింది. ఎక్కడినుంచి తెచ్చిందో ఒక చిన్నగిన్నె తెచ్చింది. పొరుగువారికి పంచడానికి ఏమీ మిగలలేదు. నా వాదం నెగ్గింది. అయినా ఆ చిన్నగిన్నెను పొయ్యిమీద చూసినప్పుడల్లా ఆ నెగ్గిన వాదాన్ని వెనక్కు ఇచ్చివేయాలనిపించేది. గడపలో కూర్చోవడం కూడ మానుకొన్నది.

ఒకనాటి పొద్దున కోడి దుకాణంలోని ఆమె మా ఇంటికి వచ్చింది. ఎర్రటోపీ సంచిలో పెట్టుకొని, అక్కకు ఎదురుగా నేలమీద కూర్చొన్నది. ఆ వనంలో పనిచేసేవాళ్లు చాలామంది అడవి పల్లెలనుంచి వస్తారట. చీకటితో కట్టుకొచ్చిన అన్నం మధ్యాహ్నానికి ఎండకు పులిసిపోతుందట. లేకుంటే మిగిలిపోయిన కోడిముక్కలే దిక్కట. అవి దినమూ తినలేక కొందరు పని మానేశారట. నీళ్ల పంపుల వద్ద, కట్టడాలకు దూరంగా, ఖాళీ షెడ్డు ఒకటి ఉన్నదట. తలా ఇన్ని బియ్యం, పప్పు తెచ్చుకొంటాం, పెద్దమ్మ వచ్చి వండుతుందా అని వాళ్లంతా కలిసి అడగమన్నారట.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. మేనేజరు పంపాడా అని సూటిగా అడిగాను.

"ఆయన పంపలే సార్. ఆయనకు చెప్పినం, చెప్పకుంటే ఎట్ల? షెడ్డు ఖాళీగనే ఉంది, మంట అక్కడ పెట్టుకోవచ్చు, మీ ఇష్టం అన్నడు."

అంత సులభంగా ఎందుకన్నాడు అని నేను మరల అడగబోతుంటే అక్క అడ్డుకొన్నది. "నువ్వు జర ఆగు తమ్మీ." ఆమెవైపు తిరిగి, "షిఫ్టు ఎప్పుడు దిగుతరు? అందరొక్కసారే దిగుతరా, ఇడిసి ఇడిసి దిగుతరా? కారం తింటరా మీ దిక్కు?" అని అడిగింది. ఆ గొంతు నేను చాలా కాలం తరువాత విన్నాను. మాట్లాడుతూనే లేచి, అటకమీది పెద్దగిన్నెలవైపు చూసింది.

ఇప్పుడు ఆమె రోజూ సిబ్బంది బస్సులో వెళుతున్నది. నేను అప్పుడప్పుడు వెళ్లి చూసివస్తాను. షెడ్డులో గ్యాసుపొయ్యిమీద మంట నిజంగానే వేడిగా ఉంటుంది. పిల్లలను నవ్వించే ఎలుగుబంటి వేషగాడు తల ఊడదీసి ప్రక్కన పెట్టుకొని, చెమటలు కారుతూ తింటాడు. కోడి దుకాణపు ఆమె టోపీ తీసి, జుట్టు సరిచేసుకొని, మాకు ఇంకాస్త పులుపు ఉండాలె పెద్దమ్మా అని గునుస్తుంది. ఊళ్లె మీ అత్త చేతిది తినేటప్పుడు ఇట్లనే అడుగుతవా అని అక్క దెప్పుతుంది. బాయి మెస్సులో వడ్డించే కుర్రవాళ్లు చెంపలమీది నల్లరంగు పంపు దగ్గర కడుక్కొని గాని లోపలికి రారు. వస్తామన్నా అక్క రానివ్వదు. అవతల, ఆ థర్మోకోల్ గదిలో, ఇప్పుడు వేరెవరో ముసలామె పీటమీద కూర్చొంటున్నది. కంచాల పలక కూడ పెట్టారు. ఎవరు రాశారో తెలియదు. నేను దగ్గరకు వెళ్లి చదవలేదు.

మేనేజరు కూడ షెడ్డులోనే తింటాడు. తిన్నాక తన కంచం తానే కడుగుతాడు. ఇది నా శంకను తగ్గించవలసిన విషయం. కాని మొన్న వెళ్లేసరికి షెడ్డు బయటిగోడకు కొత్తగా సున్నం కొట్టివుంది. ఎవరు కొట్టమన్నారని అడిగితే పనివాళ్లకు తెలియదన్నారు. గోడకు ఒక కిటికీ కూడ తెరిచారు. అది చెట్లవైపు కాక, టికెట్లు కొని వచ్చినవాళ్లు నడిచే బాటవైపు ఉన్నది.

అక్కతో ఈ మాట అన్నాను. గాలి కోసమైతే అడవివైపు తెరవవలసింది కదా అన్నాను.

"పోపు పొగ పోతుంది, మంచిగనే అయింది" అన్నదామె.

"పొగ లోపలినుంచి పోతుంది. బయటినుంచి ఏమి వస్తుందో చూసుకోవద్దా?"

"ఏమొస్తది? మనుషులొస్తరు. ఆకలైనోళ్లకు పెడ్త, మా వాళ్లు తిన్నంక. ఊకె చూసేటోళ్లను పొమ్మంట. పీటమీద కూసోమన్ననాడు లేచి రాలేదా? మళ్ల లేస్త. నువ్వైతే ముందు తిను, సల్లారుతుంది."

కంచం నా ముందుకు జరిపింది. చింతచిగురు పప్పు. ఉప్పు ఎవరినీ అడిగి వేసినది కాదు. తింటూనే నేను ఆ కిటికీవైపు కన్ను వేసి ఉంచాను. చేతులకు రంగుపట్టీలు కట్టుకొన్న ఒక కుటుంబం బాటమీద పోతూ పోతూ, వాసనకో ఏమో, నడక తగ్గించి ఆగింది. వాళ్లలో ఒకరు ఫోను పైకెత్తారు. అక్క ఆ కిటికీకి వీపు పెట్టి, అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన ఎలుగుబంటి వేషగాడికి అన్నం వడ్డిస్తున్నది.